బొచ్చు రాలని కుక్కయే కావలెనా?

ఇటీవల మన సంఘ సమావేశములు ముగిసిన పిదప కాఫీ త్రాగుచు నిలుచున్నవారి నడుమ ఒక క్రొత్త ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. పూర్వము ఆ కూడికలలో పిల్లల తెలుగు చదువు, బడిలో తెలుగు పంతులు ఉద్యోగము ఖాళీగా నుండుట, పెండ్లి సంబంధములు, ఇవియే ప్రసంగ విషయములు. ఇప్పుడు వానితోపాటు "బొచ్చు రాలని కుక్కపిల్ల ఎక్కడ దొరకును?" అనునదియు చేరినది. బెంగుళూరులో అపార్టుమెంటు కొన్న కూతురి కొరకని ఒకరు అడుగుదురు. చెన్నపట్టణమునందలి మనుమనికి తుమ్ములు వచ్చును గనుక రాలనిదే కావలెనని మరియొకరు అడుగుదురు. ఈ ప్రశ్నయే తప్పు ప్రశ్న అనియు, ఈ ప్రశ్నతో కుక్కను వెదకువారు తమ పిల్లలకును ఆ మూగజీవికిని కూడ అపకారము చేయుచున్నారనియు నేను వాదింపదలచితిని. కుక్కను పెంచవద్దని నేననుట లేదు. చీపురు పట్టుటకు బద్ధకించి కుక్కను ఎన్నుకొనవద్దని మాత్రమే అనుచున్నాను.

ఇతరులను తప్పు పట్టుటకు ముందు నా యింటి తప్పు చెప్పుకొనుట న్యాయము. మేము తరతరములుగా కోయంబత్తూరులో స్థిరపడినవారము. రెండేండ్ల క్రిందట మా అబ్బాయియు కోడలును షీట్జూ జాతి కూననొకదానిని ఇంటికి తెచ్చిరి. అప్పుడు మా మనుమనికి ఏడేండ్లు. చలికాలమున వానికి ఆయాసము వచ్చుచుండెను. ఆ సంగతి అమ్మినవానికి ముందే చెప్పిరట. "మామయ్యా, దీని బొచ్చు రాలదట. రాలకపోతే అలర్జీ ఉండదట. బాబుకేమీ కాదు" అని కోడలు సంతోషముతో చెప్పినది. నేనును తలయూపితిని. ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసి, ప్రతి రసీదును రెండుమారులు చూచిన నేను, ఆ ఒక్క మాటను మాత్రము ఒకసారియైనను పరీక్షింపలేదు.

మూడు వారములు గడచునప్పటికి బాబు రాత్రులందు పడుకొనలేక లేచి కూర్చుండసాగెను. వైద్యుడు చర్మపరీక్ష చేయించి, కుక్క వలననే అని తేల్చెను. ఆలోపల కూన సంగతియు బాగుగా లేదు. పగలంతయు ఉద్యోగములకును బడికిని పోవు ఇల్లు మాది. దానిని దినదినమును దువ్వవలెనని మాకెవ్వరును చెప్పలేదు, మేము అడుగనులేదు. చెవుల వెనుకను, చంకల క్రిందను బొచ్చు ఉండలు కట్టి అట్టవలె గట్టిపడినది. పశువైద్యుడు ఆ యట్టను గొరిగి తీయగా అడుగున చర్మము ఎఱ్ఱగా పుండై కనబడినది. ఎండలు ముదిరినప్పుడు అది స్నానాలగది బండమీద పొట్ట ఆనించి రొప్పుచు పడియుండెడిది. తుదకు కూనూరులోనున్న మా బంధువులు దానిని తీసికొనిపోయిరి. బాబు రెండు దినములు సరిగా అన్నము తినలేదు. "తాతా, నా వల్లనే పంపించేశారా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానముగానే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. తప్పు వానిది కాదు, కూనదియు కాదు. విన్న మాటను విచారింపని పెద్దలది.

"బొచ్చు రాలదు" అను మాటను ముందుగా విచారింతము. వెండ్రుక కొంతకాలము పెరుగును, కొంతకాలము పెరుగక నిలుచును, పిదప ఊడి క్రొత్తదానికి చోటిచ్చును. మన తలకును ఇదియే నియమము, కుక్క ఒంటికిని ఇదియే నియమము. పూడిల్, బిషాన్ ఫ్రీజే, మాల్టీస్, షీట్జూ మొదలగు జాతులలో ఆ పెరుగు కాలము దీర్ఘముగా నుండును. కావున ఊడునవి తక్కువ. ఊడిన కొద్దియు ఉంగరములు తిరిగిన బొచ్చులోనో, పొడవైన బొచ్చులోనో చిక్కుకొని నేలమీద పడదు. కుక్కల బొచ్చు పొడవు, ఉంగరములు, మూతిమీది మీసములు, ఈ భేదములలో అధికభాగమునకు మూడే జన్యువులు కారణమని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఇందులో మాయ యేమియు లేదు. రాలుట ఆగలేదు, నేలమీద పడవలసినది ఒంటిమీదనే చిక్కుకొన్నది. చీపురు పని దువ్వెనకు బదిలీ అయినది. అంతియే.

ఆ బదిలీకి ఖర్చు కలదు. నేలమీది బొచ్చును పది నిమిషములలో ఊడ్చి పారవేయవచ్చును. ఒంటిమీది బొచ్చును దినదినము మొదళ్ళ వరకు దువ్వవలెను. నెల, నెలన్నరకొకమారు కత్తిరింపించవలెను. కన్నులకు అడ్డముగా పెరుగునది తీయవలెను, చెవులలో పెరుగునది చూచుకొనవలెను. ఇది ఒక ఏడాది ముచ్చట కాదు. ఈ చిన్న జాతులు పండ్రెండు పదునైదేండ్లు బ్రతుకును. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అన్నట్లు, కూనకు ఒకమారు ఇచ్చిన వెలకన్న దాని క్షౌరమునకు జీవితాంతము ఇచ్చునది ఎక్కువగును. అమ్మువాడు వెల చెప్పునప్పుడు ఈ లెక్క చెప్పడు.

ఇక రెండవ మాట, "రాలదు గనుక అలర్జీ ఉండదు" అనునది. మొదటి మాట సగము నిజము; ఈ రెండవది సగము కూడ కాదు. మనిషికి తుమ్ములును ఆయాసమును తెచ్చునది వెండ్రుక కాదు. కుక్క చొంగలోను, చర్మమునుండి లేచు సన్నని పొట్టులోను ఉన్న కొన్ని మాంసకృత్తులు తెచ్చును. వానిలో ముఖ్యమైనదానికి శాస్త్రజ్ఞులు "కేన్ ఎఫ్ 1" అని పేరు పెట్టిరి. కుక్క తన ఒంటిని నాకుకొనును. చొంగ బొచ్చుమీద ఎండి పొడియై గాలిలోనికి లేచును. చొంగ లేని కుక్కయు చర్మము లేని కుక్కయు భూమిమీద లేవు. కావున అలర్జీ లేని జాతియు లేదు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో కుక్కలున్న 173 ఇండ్లనుండి ధూళి సేకరించి పరీక్షించిన వైద్యశాస్త్రజ్ఞులు 2011లో తమ ఫలితములు ప్రకటించిరి. అలర్జీ కలిగింపవని పేరుపడిన జాతులున్న ఇండ్లకును, తక్కిన కుక్కలున్న ఇండ్లకును ఆ ధూళిలో చెప్పదగిన భేదము వారికి కనబడలేదు. మరుసటి యేడు 2012లో హాలెండు శాస్త్రజ్ఞులు కుక్కల బొచ్చునే పరీక్షించిరి. పూడిల్, లాబ్రడూడుల్ వంటి "అలర్జీ లేని" కుక్కల బొచ్చులోనే ఆ పదార్థము తక్కినవానికన్న ఎక్కువగా కనబడినది. ఇండ్ల గాలిలో మాత్రము జాతుల నడుమ భేదము కనబడలేదు. ఏ గుణమునకు అధికముగా వెల యిచ్చి కొనుచున్నామో, ఆ గుణమే అందులో లేదన్నమాట!

ఈ నమ్మకము ఎట్లు పుట్టినదో చూచినచో మరింత ఆశ్చర్యము కలుగును. 1980ల చివర ఆస్ట్రేలియాలో అంధులకు దారిచూపు కుక్కలను తయారుచేయు సంస్థలో వాలీ కాన్రన్ అను ఉద్యోగి యుండెను. హవాయి ద్వీపములలోని ఒక అంధురాలికి కుక్క కావలసివచ్చెను. ఆమె భర్తకు కుక్కబొచ్చు పడదు. కాన్రన్ లాబ్రడార్‌ను పూడిల్‌తో దాటించగా మూడు కూనలు పుట్టెను. వాని బొచ్చును చొంగను పంపి చూడగా, ఆయనకు పడినది ఆ మూడింటిలో ఒక్కటి మాత్రమే. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఈత. అయినను రెండు పడలేదు. తక్కిన కూనలను సంకరజాతివని తీసికొనుటకు ఎవరును ముందుకు రాకపోగా, "లాబ్రడూడుల్" అను క్రొత్త పేరు పెట్టి ప్రకటించిరి. వెంటనే గిరాకి పుట్టినది. కుక్క మారలేదు, పేరు మారినది! లాభాపేక్షగల పెంపకందారులు తన వెనుక బయలుదేరుట చూచి, తాను చేసిన పనికి చింతించుచున్నానని ఆ కాన్రన్‌యే 2019లో బహిరంగముగా చెప్పెను. నడుమ 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా, తన కుమార్తెకు అలర్జీ ఉన్నదని పోర్చుగీసు నీటికుక్కనొకదానిని తెచ్చెను. ఆ ఛాయాచిత్రములు లోకమంతయు తిరిగినవి. మూడు కూనలలో రెండు పడలేదను మాట మాత్రము తిరుగలేదు.

మన ఊళ్ళకు వచ్చునప్పటికి ఇంకొక కష్టము తోడగును. షీట్జూయు లాసా ఆప్సోయు టిబెట్టు చలిప్రదేశపు సంతతి. కుక్కకు మనవలె ఒళ్ళంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి ముఖ్యమైన చలువ. ముక్కు అణగిపోయిన జాతులకు ఆ రొప్పుటయు చక్కగా సాగదు. చెన్నపట్టణము, యానాము, బరంపురముల ఉక్కలో, మధ్యాహ్నము కరెంటు పోయిన యింటిలో, మెడనిండ బొచ్చుతో ఆ జీవి పడు బాధ చూచినవారికే తెలియును. మనము చొక్కా విప్పి విసనకఱ్ఱ పట్టుకొందుము. అది ఏమి విప్పుకొనగలదు?

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. "మాకు తీరిక కలదు. దినదినము దువ్వుదుము. మా యింట ఎవరికిని ఆయాసము లేదు. పూడిల్‌ను ఏల పెంచరాదు?" అని అడుగువారుందురు. నిస్సందేహముగా పెంచవచ్చును. పూడిల్ తెలివిగల కుక్క. దాని మూతి పొడవైనదే. బొచ్చు పొట్టిగా కత్తిరించి ఉంచినచో మన వేడిమిని కొంత తాళగలదు. నా పోరాటము ఆ జాతితో కాదు. అది చేయని వాగ్దానమును దాని పేర చేయువారితోను, ఆ వాగ్దానమును విని తల్లిదండ్రుల విచక్షణను అంగడిలో వదలివచ్చు మనతోను.

మరియొక ఆక్షేపణ: "పొట్టిబొచ్చు కుక్కలు మాత్రము రాల్చవా?" రాల్చును. లాబ్రడార్‌ది పొట్టిబొచ్చే, అది రాల్చినంత మరియొకటి రాల్చదనిపించును. పగ్‌దియు పొట్టిబొచ్చే, పరుపునిండ బొచ్చే. కావున పొట్టిదైనంత మాత్రమున రాలదనుటయు పొరపాటే. అయితే ఒంటికి అంటుకొనిన పలుచని ఒంటిపొర బొచ్చు గల జాతులు కొన్ని కలవు. అవి రాల్చునది తక్కువ, దువ్వవలసినది తక్కువ, వేడిమి తాళునది ఎక్కువ. ఆ జాతుల కొరకు టిబెట్టునకును ఆస్ట్రేలియాకును పోనక్కరలేదు. మనము కాపురమున్న నేలలమీదనే, మన పెద్దల వాకిళ్ళలోనే అవి పుట్టిపెరిగినవి. పొరుగింటి పుల్లకూర రుచి అనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

కొల్లేటి పరిసరములలోను, కృష్ణా గోదావరీ మండలములలోను జోనంగి అను కుక్క కలదు. దాని బొచ్చు ఎంత పొట్టియనగా, దూరమునుండి చూచినవారికి బొచ్చే లేదనిపించును. నుదుట ముడుతలు పడియుండును. మొరుగుటకన్న ఒక వింత కూత కూయుట దానికి అలవాటు. నేలలో గొయ్యి త్రవ్వుకొని అందులో చల్లగా పడుకొనును. పూర్వము బాతుల మందలను కాయుటకు దానిని ఉపయోగించెడివారు. ఆ బాతుల పెంపకము తగ్గి చేపల చెరువులు పెరిగిన పిదప దానికి పనిలేకపోయెను, సంఖ్య క్షీణించెను. యానాము సోదరులకు అది పొరుగు ప్రాణి. బొచ్చు రాలని కుక్క కొరకు పరదేశముల పేర్లు వల్లించు మనలో ఎందరు దాని పేరు వినియున్నారు?

తమిళనాటి మనవారికి రాజపాళయమును గురించి చెప్పనక్కరలేదు. ఇంట తెలుగు మాటాడు రాజులు తరతరములుగా స్థిరపడిన ఊరది. 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండి, పిదప ఒడిశాకు గవర్నరైన పి. ఎస్. కుమారస్వామి రాజా ఆ యూరివారే. ఆ యూరి పేరనే, పాలవంటి తెల్లని పొట్టిబొచ్చుతో, గులాబిరంగు ముక్కుతో వేటకుక్క జాతి యొకటి ప్రసిద్ధి కెక్కినది. దక్షిణ తమిళనాటిలోనే చిప్పిపాఱైయు కన్నియు కలవు. కర్ణాటకమున బాగలకోట మండలములో ముధోళ జాతి కలదు. ఆ తాలూకాలోని తిమ్మాపురమున దానికొక పరిశోధన కేంద్రము నడచుచున్నది. 2016లో మన సైన్యమువారు ముధోళ కుక్కలకు మీరట్‌లో శిక్షణ ప్రారంభించిరి. 2005లో తపాలా శాఖ నాలుగు భారతీయ జాతుల బొమ్మలతో బిళ్ళలు వెలువరించినప్పుడు, అందులో రెండు రాజపాళయము, ముధోళ. బిళ్ళమీద అంటించుకొన్నాము, ఇంటిలోనికి మాత్రము రానీయలేదు.

అయితే ఒకదానిని ఇంకొక అబద్ధముతో కొట్టుట నాకిష్టము లేదు. దేశీయమైనదంతయు మంచిదని నేననను. రాజపాళయమును ముధోళమును పరుగెత్తుటకు పుట్టినవి. రెండు గదుల అపార్టుమెంటులో బంధించుట పాపము. క్రొత్తవారిని అవి త్వరగా నమ్మవు. తెల్లని రాజపాళయము కూనలలో చెవిటివి పుట్టుట కలదు. వెనుకనుండి చప్పట్లు కొట్టి చూడక తీసికొనరాదు. జోనంగి పేరుచెప్పి ఏదో ఒక కూనను అంటగట్టువారును బయలుదేరవచ్చును. తోటయో, పొలమో, పెద్ద పెరడో కలవారు వీనిని విచారించి తెచ్చుకొనవలెను. అపార్టుమెంటువారికి నేను చెప్పునది మరింత సామాన్యమైనది: మీ వీధిలో పుట్టిన నాటు కూన. దాని పొట్టిబొచ్చు వారమునకొకటి రెండుమారులు దువ్విన చాలును. కొంత రాల్చును, ఊడ్చుకొనవలెను. మన ఎండకు, మన వానకు, మన అన్నమునకు అలవాటుపడిన వంశమది. దానికి వెల లేదు. వెల లేదనుటయే మన దృష్టిలో దాని దోషము కాబోలును!

మన పిల్లలకు ఉద్యోగము రాదేమోయని భయమున్నను, పొరుగు భాషల నడుమ ఇన్ని తరములు తెలుగును ఇంట నిలుపుకొన్నవారము మనము. గౌరవము అంగడి చీటీనిబట్టి రాదని ఎరిగినవారము. ఆ వివేకము కుక్కను తెచ్చునాడు ఏమగుచున్నది?

ఇక చేయవలసిన పనులు. ఇంట ఎవరికైనను ఆయాసమో తుమ్ములో ఉన్నచో, కుక్కను తెచ్చుటకు ముందు వైద్యునిచేత పరీక్ష చేయించవలెను. "కేన్ ఎఫ్ 5" అను మరియొక పదార్థము మగకుక్కలలోనే పుట్టును. కొందరికి అదొక్కటే పడదు. అట్టివారికి ఆడకుక్క పడవచ్చును. ఈ సంగతి అమ్మువాడు చెప్పలేడు, పరీక్షయే చెప్పవలెను. ఆ పిదప జాతి పేరును గాక, తేదలచిన ఆ ఒక్క కుక్కనే, అది యున్నచోటనే, ఆ రోగిని కూర్చుండబెట్టి చూడవలెను. ఒకమారు కాదు, పలుమారులు, గంటలకొద్ది. కుక్క వచ్చిన పిదప పడకగదిలోనికి రానీయరాదు. స్నానము చేయించినచో అలర్జీ పదార్థము తగ్గును గాని కొద్ది దినములలో మరల పెరుగును. వారమునకు రెండుమారులైనను చేయించిననే ప్రయోజనము. ఆయాసము తీవ్రముగా ఉన్న యింట అసలు కుక్కయే వద్దు. ఈ మాట పిల్లవానికి ముందే చెప్పుట కష్టము. మూడు వారముల పిదప చెప్పుట క్రూరము.

వెలపెట్టి కొనువారు 2017నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు తెలిసికొనవలెను. కుక్కలను పెంచి అమ్మువాడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని కూనను అమ్మరాదు. నమోదు పత్రము చూపుమనుడు, తల్లికుక్కను చూపుమనుడు. చూపనివాని గుమ్మము దిగివచ్చుటయే మేలు. ఏ కూననైనను మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించి, వైద్యుడు చెప్పినట్లు ఏటేట మరల వేయించవలెను. నాటు కూనకును ఇది తప్పదు.

మా మనుమడు ఇప్పుడు తొమ్మిదేండ్లవాడు. కూనూరునుండి నెలకొకమారు ఫొటో వచ్చును. బొచ్చు పొట్టిగా కత్తిరించుకొని, ఆ చలిలో అది సుఖముగా ఉన్నది. వాడు చూచి నవ్వి, ఫొటోను దాచుకొనును. మా యింట కుక్క లేదు, ఇక ఉండదు. ఇది వానికి అర్థమైనది. పెద్దలమైన మాకే ఆలస్యముగా అర్థమైనది.

వచ్చే సమావేశమున కాఫీ గ్లాసు చేతపట్టుకొని ఎవరైనను "బొచ్చు రాలని కుక్కపిల్ల ఎక్కడ దొరకును?" అని అడిగినచో, అంగడి చిరునామా చెప్పకుడు. మూడు ప్రశ్నలు తిరిగి అడుగుడు: మీ యింట ఆయాసమెవ్వరికి? దినదినము దువ్వునదెవ్వరు? పండ్రెండేండ్ల పిదప దానిని చూచుకొనునదెవ్వరు? ఈ మూడింటికి సమాధానమున్నవారికి ఏ కుక్కయైనను మంచిదే. లేనివారికి ఏ జాతియు మంచిది కాదు.

ఇట్లు,
కోయంబత్తూరు సభ్యుడొకడు